కోర్ వాల్యూస్ ఎవరి కోసం? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(పాల్గొన్నవారు: ఐటీ ఉద్యోగుల సంఘం నాయకుడు, ఒక కంపెనీలో హెచ్‌ఆర్ హెడ్‌గా చేసి రిటైరైన మేడమ్, జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్ నడిపే యజమాని. ఒకరి మాట మీద ఒకరి మాట పడిన చోట కూడా సరిదిద్దకుండా అలాగే ఇచ్చాం.)

యాంకర్: నమస్కారం. ఏడాదికి ఆరున్నర లక్షలని ఆఫర్ ఇచ్చి, ట్రైనింగ్ కూడా అయిపోయాక, మూడున్నర లక్షలకు ఒప్పుకుంటే ముందే చేర్చుకుంటామని విప్రో 2023 ఫిబ్రవరిలో ఫ్రెషర్లకు మెయిల్ పెట్టింది. అంతకు ముందు 2022 సెప్టెంబర్లో ఇదే కంపెనీ, పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారని మూడు వందల మందిని తీసేసినట్టు చెప్పింది. నిజాయితీ తప్పారని అప్పుడు చెప్పిన కారణం. మరి కంపెనీలు మా విలువలివీ అని గోడ మీద రాసుకునే ఈ కోర్ వాల్యూస్ ఎవరి కోసం? మేడమ్, మీతో మొదలుపెడదాం. విలువలు ఇంట్లో నేర్చుకోవాలా, ఆఫీసులో నేర్పాలా?

హెచ్‌ఆర్: ఇంట్లో వచ్చేవి మనిషి విలువలండీ. కంపెనీ రాసుకునేది వేరు. ఒక ఆర్డర్ దగ్గరో, ఒక మనిషిని తీసుకునే దగ్గరో ఇద్దరికి మాట కలవనప్పుడు దేన్ని బట్టి తేల్చాలో ముందే అనుకోవడం. అది లేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే...

సంఘం నాయకుడు: మేడమ్, ఆగండి. నిజాయితీ అని రాశారు కదా, అది రెండు వైపులా ఉండాలా వద్దా? పిల్లాడు సాయంత్రం ఇంకో పని చేసుకుంటే మోసం అన్నారు. విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ గారు ట్విట్టర్లో చీటింగ్ అనే మాటే వాడారు. మరి చేతికిచ్చిన ఆఫర్ లెటర్లో అంకె మార్చడాన్ని ఏమంటారు?

హెచ్‌ఆర్: మార్చలేదు సార్. ఒప్పుకోకపోతే పాత ఆఫర్ అలాగే ఉంటుందని ఆ మెయిల్లోనే ఉంది.

సంఘం నాయకుడు: ఎప్పటిదాకా? చేరే తేదీ ఉందా? తేదీ లేని ఆఫర్ ఆఫరేనా? ఏడాదిగా ఇంట్లో కూర్చున్న పిల్లలున్నారు. బ్యాంకు లోను వాయిదా మొదలైపోయింది. వాళ్లకు ఇష్టం వచ్చింది ఎంచుకో అంటే అది ఎంపికా?

యాంకర్: అంటే ఇంట్లో విలువలున్న యాజమాన్యమైతే ఇలా చేయదంటారు.

సంఘం నాయకుడు: ఇల్లు కాదు సార్. నా సంగతే చెప్తాను. ఒక కంపెనీలో ఆరేళ్లు చేశాను, పేరొద్దు. మెడలో కార్డు వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో నాలుగు విలువలు, మొదటిదే ఇంటెగ్రిటీ, అంటే నిజాయితీ. శుక్రవారం సాయంత్రం, ఏ క్లయింటుకు ఎన్ని గంటలు పనిచేశామో రాసే టైమ్‌షీట్ నింపాలి. ఒక క్లయింటుకు నేను చేసింది రోజుకు నాలుగు గంటలు. మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి, ఎనిమిది వెయ్ అన్నాడు. వేశాను. ఐదు రోజులకు ఐదు ఎనిమిదులు. కార్డు మెడలోనే ఉంది. ఆ రోజు నుంచి ఆ నాలుగు మాటలు నాకు...

యాంకర్: మీరు ఎందుకు వేశారు? ఇంట్లో నేర్పింది అక్కడ గుర్తు రాలేదా?

సంఘం నాయకుడు: వచ్చింది సార్, అందుకే ఇప్పటికీ చెప్తున్నా! కానీ వేయనంటే నా అప్రైజల్ పోతుంది. వేయమన్నవాడికి ప్రమోషన్ వచ్చింది. కంపెనీ విలువ ఏంటో గోడ చూసి తెలుసుకోవక్కర్లేదు, ప్రమోషన్ల లిస్టు చూస్తే చాలు.

హెచ్‌ఆర్: ఈ మాట నేనూ ఒప్పుకుంటాను. వంద రాసినా...

సంఘం నాయకుడు: ఒప్పుకుంటారు కదా! ఎన్రాన్ చూడండి, అమెరికాలో. గౌరవం, నిజాయితీ, అందరితో మాట పంచుకోవడం, శ్రేష్ఠత, ఇవీ వాళ్లు రాసుకున్న నాలుగు. 2001 డిసెంబర్లో దివాలా. అంతదూరం ఎందుకు, మన ఊళ్లో సత్యం కంప్యూటర్స్! 2008లో కార్పొరేట్ గవర్నెన్సుకు గోల్డెన్ పీకాక్ అవార్డు. 2009 జనవరి 7న లెటర్. బ్యాంకులో ఉన్నాయని చూపిన వాటిలో 5,040 కోట్లు అసలు లేవని ఛైర్మన్ రామలింగరాజే రాశాడు.

యాంకర్: పేరే సత్యం. అక్కడే నా ప్రశ్న. పెద్ద కుటుంబం, మంచి పెంపకం...

యజమాని: సార్, నేను ఒక్క మాట...

హెచ్‌ఆర్: అదే మనిషి 2005లో 108 మొదలుపెట్టించారు. దాన్నీ మర్చిపోకూడదు.

యాంకర్: అవును, 108! ఊళ్లో ఎవరికి ఏమైనా ముందు గుర్తొచ్చే నంబర్ అదే. మా బంధువుల్లోనే ఒకరికి రాత్రి రెండింటికి...

సంఘం నాయకుడు: 108 మంచిదే సార్, ఎవరు కాదన్నారు? అందులో ప్రాణాలు నిలిచినవాళ్లూ ఉన్నారు, షేర్లలో దాచుకున్నది పోయినవాళ్లూ ఉన్నారు. ఒకటి చూపించి ఇంకోటి కొట్టేయకూడదు. 2015లో కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. నేను మళ్లీ అదే అంటున్నా, రాసిన విలువ రాసినవాడికి వర్తించాలి.

యాంకర్: మేడమ్, మీ వైపు ఒక్క మంచి ఉదాహరణైనా ఉందా?

హెచ్‌ఆర్: ఉంది. జాన్సన్ అండ్ జాన్సన్ 1943లోనే ఒక పేజీ రాసుకుంది. మొదటి బాధ్యత మందు వాడేవాళ్ల పట్ల, వాటాదారులు చివర. 1982లో షికాగో చుట్టుపక్కల ఎవరో టైలెనాల్ అనే వాళ్ల నొప్పి మందు క్యాప్సూళ్లలో సయనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. తప్పు కంపెనీది కాదు. అయినా దేశమంతా మూడు కోట్లకు పైగా సీసాలు వెనక్కి తీసుకున్నారు. పది కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ పేజీ ముందే ఉంది కాబట్టి...

సంఘం నాయకుడు: ఆ కంపెనీ పౌడర్ మీద ఇప్పుడు అమెరికాలో ఎన్ని వేల కేసులున్నాయో అదీ చెప్పండి.

హెచ్‌ఆర్: చెప్తాను, నన్ను పూర్తి చేయనిస్తే. 1982లో నిలబడ్డారు కదా, అది అబద్ధమా?

సంఘం నాయకుడు: అబద్ధం కాదు. కానీ ఒకసారి నిలబడితే నలభై ఏళ్లు సరిపోదు. ప్రతిసారీ నిలబడాలి.

యాంకర్: సార్, మీరు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు. క్లుప్తంగా. మీ దగ్గర నలభై మంది. విలువలు ఇంటి నుంచి తెచ్చుకుంటారా, మీరు నేర్పుతారా?

యజమాని: మా దగ్గర బోర్డు లేదండీ. అట్టపెట్టెకు కస్టమర్ పేపరు ఇన్ని జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు ఉండాలని చెప్తాడు. తక్కువ జీఎస్ఎం రీలు వేసినా చూపుకు తేడా తెలియదు. తూకం వేయాలి, లేదా లారీలో పది పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు అడుగుది కూర్చుండిపోవాలి. పెట్టెలకు వాడే క్రాఫ్ట్ పేపర్ రేటు ఆమధ్య ఒకటే పెరుగుదల. ఆర్డర్ పాత రేటుకు ఒప్పుకున్నాం. ఒకరోజు నైట్ షిఫ్టులో ఆపరేటర్ ఫోన్ చేశాడు. సార్, సరైన రీలు అయిపోయింది, తక్కువది ఉంది, పొద్దున ఏడింటికి లారీ, వేసేయమంటారా అని. నేను ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చున్నా. మా కోర్ వాల్యూస్ అంటే నాకు తెలిసింది ఆ రెండు నిమిషాలేనండీ. అప్పుడు నేను ఏమంటానో దాన్నే వాడు రేపటి నుంచి...

సంఘం నాయకుడు: అదే సార్ నేను మొదటి నుంచి చెప్తున్నది! పైవాడు ఏం చేస్తే కిందివాడు అదే. ఆయన నలభై మందికి చేయగలిగినప్పుడు లక్షల మంది ఉన్నవాళ్లకు ఏం రోగం? ఈయన ఒప్పుకున్న రేటు మీద నిలబడ్డాడు. వాళ్లు ఆరున్నర మీద నిలబడలేరా?

హెచ్‌ఆర్: నిలబడాలి. నేను కాదనలేదు. కానీ ప్రాజెక్టులు ఆగినప్పుడు...

సంఘం నాయకుడు: లాభాలు ఆగాయా మేడమ్? లాభాలు ఆగాయా?

హెచ్‌ఆర్: లాభాల మాట కాదు, ఆ మూడు వందల మంది సంగతి మీరు అసలు మాట్లాడలేదు. పోటీ కంపెనీకి పనిచేయడం తప్పా కాదా?

సంఘం నాయకుడు: తప్పైతే పాలసీ ముందు చెప్పాలి. స్విగ్గీ చెప్పింది కదా, అనుమతి తీసుకుని చేసుకోండని 2022 ఆగస్టులోనే. టెక్ మహీంద్రా అప్పటి సీఈఓ గారూ తనకు అభ్యంతరం లేదన్నారు.

హెచ్‌ఆర్: పోటీ కంపెనీకి అన్నాను. సూటిగా చెప్పండి.

సంఘం నాయకుడు: సూటిగానే చెప్తున్నా. ముందు ఆరున్నర ఇవ్వండి, తర్వాత మాట్లాడదాం.

యాంకర్: టైమ్ అయిపోతోంది. మొత్తానికి ఉద్యోగుల పక్షాన సార్ అడిగిన ప్రశ్న గట్టిగా నిలిచింది, రాసినవాళ్లే ముందు పాటించాలి. మేడమ్, పది సెకన్లు. ఇంట్లోనా, ఆఫీసులోనా?

హెచ్‌ఆర్: ఆ ప్రశ్నే సరికాదండీ. ముందు ఆయన్ని పూర్తి చేయనివ్వండి, ఆ రాత్రి ఫోన్లో ఏం చెప్పారో.

యజమాని: మెషిన్ ఆపేయమన్నానండీ. లారీ వెళ్లలేదు. ఆ కస్టమర్ తర్వాత ఆర్డర్ వేరేవాళ్లకిచ్చాడు. అయినా ఆపరేటర్ మాత్రం ఇప్పటికీ ప్రతి రీలు...

సంఘం నాయకుడు: చూశారా, నష్టపోయి కూడా! ఇదే నేను అంటున్నది...

(ముగ్గురి మాటలూ కలిసిపోయాయి. ఇక్కడితో ప్రసారం ముగిసింది.)