ఫొరామెన్ ఒవేల్ వెడల్పు 4 మి.మీ. అయితే, సూదికి దొరికే దారి ఎంత?

(తెర మీద: బోర్లించిన పుర్రె. అడుగున కోలగా ఉండే రంధ్రమే ఫొరామెన్ ఒవేల్, ఎడమ ఒవేల్ క్లోజప్.)

"ఒవేల్ వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. 14 గేజ్ సూది మందం 2.1. ఇంకేం, దాదాపు రెట్టింపు చోటుంది కదా!" ఈ లెక్క వైవాల్లో, ప్రెజెంటేషన్లలో వినిపించినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. రెండు అంకెలూ తప్పు కాదు. వాటిని పక్కపక్కన పెట్టడమే తప్పు.

ఇందులోంచి కింది దవడకి వెళ్లే మాండిబ్యులర్ నరం వెళ్తుందనీ, ట్రైజెమినల్ న్యూరాల్జియాకి (ముఖంలో వచ్చే తీవ్రమైన నరం నొప్పి) బెలూన్ కంప్రెషన్ (బెలూన్‌తో నరాన్ని నొక్కే చికిత్స) చేసేటప్పుడు చెంపలోంచి సూది ఇక్కడికే తెస్తారనీ మీకు తెలుసు. అది వదిలేద్దాం. సూది ఎటునుంచి వస్తుందో చూడండి. హార్టెల్ పద్ధతిలో నోటి మూలకి 2.5 నుంచి 3 సెం.మీ. పక్కన చర్మంలోకి దిగుతుంది. ముందు నుంచి చూస్తే కనుపాప లోపలి అంచు వైపు, పక్క నుంచి చూస్తే చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె, ట్రేగస్‌కి 3 సెం.మీ. ముందున్న చోటు వైపు సాగుతుంది. అంటే కింద నుంచి, ముందు నుంచి, బయటి నుంచి ఏటవాలుగా. మనం కొలిచింది మాత్రం పుర్రెని బోర్లించి, రంధ్రానికి సూటిగా ఎదురుగా. పైగా ఒవేల్ పొడవు ముందు-లోపలి వైపు నుంచి వెనక-బయటి వైపుకి సాగుతుంది. సూది వచ్చేది దాదాపు దానికి అడ్డంగా. అందుకే ఆ వాలులో కురచయ్యేది ముఖ్యంగా వెడల్పే.

(చేతిలో ఒక గాజు.)

ఈ గాజుని కంటికి ఎదురుగా పట్టుకుంటే నిండు గుండ్రం. కాస్త వాలిస్తే కోల. ఇంకా వాలిస్తే సన్నటి సందు. సైజు మారలేదు, 2-4 గాజు 2-4 గాజే. 45 డిగ్రీలు వాలిస్తే ఒకవైపు వ్యాసం 0.7 వంతే దొరుకుతుంది. ఒవేల్‌లో 4 కాస్తా 2.8 అయింది. 3 మి.మీ. ఉన్న ఒవేల్ అయితే 2.1. సూది మందమూ 2.1!

(గాజులు అర డజను, ఒకదానికొకటి ఆనించి.)

ఇప్పుడు ఇవన్నీ కలిపి వాల్చండి. ముందు గాజు అంచుకీ చివరి గాజు అంచుకీ మధ్య దారి ఇంకా త్వరగా మూసుకుపోతుంది. ఒవేల్ అసలు రూపం ఇదే, అది పొట్టి కాలువ. లెక్క ఇలా: వెడల్పు × కాస్ కోణం, అందులోంచి అంచు మందం × సైన్ కోణం తీసేయాలి. మందం 1 మి.మీ. వేసుకున్నా 2.8లోంచి 0.7 పోయి 2.1 మిగిలింది. ఇది 4 మి.మీ. ఒవేల్‌కే! 45 డిగ్రీలన్నది ఉదాహరణకి తీసుకున్నాను, గోడలు నిటారుగా ఉన్నాయనీ అనుకున్నాను. గోడలు సూది వచ్చే వైపే వాలి ఉంటే దారి పెరుగుతుంది, ఎదురు వాలితే తరుగుతుంది. పొడవు, వెడల్పు ఇచ్చి రంధ్రం వాలు, అంచు మందం ఇవ్వని పేపరు సర్జన్‌కి సగమే పనికొస్తుందని నా గట్టి అభిప్రాయం.

సరే, ఆ 4 ఎలా వచ్చింది? డిజిటల్ కాలిపర్ 0.01 దాకా చూపిస్తుంది, నిజమే. కానీ రంధ్రంలోకి దించే కాలిపర్ దవడల అంచులు కాస్త బల్లపరుపుగా ఉంటాయి. చిన్న రంధ్రంలో అవి వ్యాసాన్ని కాక జ్యాని కొలుస్తాయి, కాబట్టి రీడింగ్ తక్కువ వైపే తప్పుతుంది. వెన్నుపాము దిగే 35 మి.మీ. పొడవున్న ఫొరామెన్ మాగ్నమ్‌లో 0.3 తప్పితే ఒక శాతం లోపే. 3.6 మి.మీ. ఒవేల్‌లో అదే 0.3 అంటే 8 శాతం. మొనదేలిన డివైడర్‌తో అంచులు పట్టి, ఆ దూరాన్ని కాలిపర్ మీద చదవండి.

ఫొటో తీసి కొలిచేవాళ్లు స్కేలుని టేబుల్ మీద పెట్టొద్దు, రంధ్రం ఎత్తులోనే పెట్టండి. రంధ్రం లెన్సుకి 30 సెం.మీ. దూరంలో, స్కేలు 33లో ఉంటే కొలత 10 శాతం పెరిగిపోతుంది.

ఇంకోటి. ఎముకలు శుభ్రం చేసేటప్పుడు ఒవేల్ వెనకుండే చిన్న ఎముక మొన, స్ఫీనాయిడ్ స్పైన్, విరుగుతుంది. ఆ మొనని ముందున్న ఎముక పలకకి కట్టే టెరిగోస్పైనస్ లిగమెంట్ ఎముకగా మారి ఏర్పడిన బార్ ఉంటే, అదీ దాంతోపాటే పోతుంది. "బార్ లేదు" అని రాసే ముందు విరిగిన మొదలు ఉందేమో లెన్స్‌తో చూడండి. ఉన్న బార్‌కీ విరిగిన బార్‌కీ వేర్వేరు గడులు పెట్టాలి. వార్నిష్ పూసిన పుర్రెలైతే అంచుల్లో పేరుకున్న పొర కూడా కొలతలోకి వచ్చేస్తుంది.

టైం దాటుతోంది, మిగతావి చకచకా. ఒవేల్, దాని వెనకున్న చిన్న రంధ్రం స్పైనోసమ్ కలిసిపోయి ఒకే రంధ్రంగా ఉంటే ఆ పొడవుని సగటులో కలపొద్దు, విడిగా రాయండి. ఒవేల్‌కి ముందు-లోపలి వైపు ఫొరామెన్ వెసేలియస్ అనే చిన్న రంధ్రం ఉందేమో చూడండి, అది పుర్రె లోపలి, బయటి సిరల్ని కలిపే ఎమిసరీ సిర దారి. సీటీలో స్లైసు 1 మి.మీ. లోపు ఉండాలి, బోన్ విండోలో (ఎముక స్పష్టంగా కనిపించే సెట్టింగ్) చూడాలి, రంధ్రం తలానికి తిప్పుకుని కొలవాలి. మామూలు యాక్సియల్ (అడ్డకోత) స్లైసులో కొలిస్తే మళ్లీ వాలిన గాజే. 50 పుర్రెల్లో రెండు వైపులా కొలిస్తే 100 శాంపిళ్లు కావు. కుడి-ఎడమ ఒకే మనిషివి, జతలుగా పోల్చే పెయిర్డ్ టెస్టే చేయాలి. ప్రతి కొలతా కొన్నాళ్ల తర్వాత మొదటి అంకె చూడకుండా మళ్లీ తీయండి. లోపలి ముఖం కొలిచారా, బయటి ముఖమా అన్నది టేబుల్ శీర్షికలోనే రాసేయండి.