లాబీయింగా, లంచమా? వీసా కార్డు మీద రాత్రి 9 గంటల చర్చ

(2024 సెప్టెంబరు చివరి వారం. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం. బ్యాంకు సంఘం పెద్దాయన గొంతు మాత్రం మొదటి నుంచి చివరి దాకా వినబడింది.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ నెల 24న అమెరికా న్యాయశాఖ వీసా కంపెనీ మీద దావా వేసింది. డెబిట్ కార్డుల్లో గుత్తాధిపత్యం అని ఆరోపణ. ఇదే వీసా ఏటా మిలియన్ల డాలర్లు పెట్టి వాషింగ్టన్‌లో లాబీయింగ్ చేయిస్తోంది, అంటే చట్టాలు తనకు అనుకూలంగా ఉండేలా నాయకులకు నచ్చజెప్పిస్తోంది, అదీ లెక్క చూపించి మరీ! మన దగ్గర లంచం అంటాం, అక్కడ లాబీయింగ్ అంటున్నారు. మేడమ్, మీరు లాయరు. ఏది నిజం?

న్యాయవాది: ముందు రెండింటినీ విడదీయాలండీ. దావా లాబీయింగ్ మీద కాదు. అమెరికా డెబిట్ లావాదేవీల్లో 60 శాతానికి పైగా వీసా నెట్‌వర్క్ (చెల్లింపును బ్యాంకులకు చేర్చే వ్యవస్థ) మీదే నడుస్తాయి. వాటి మీద ఏటా 7 బిలియన్ డాలర్లకు పైగా ఫీజులు. వేరే నెట్‌వర్క్‌కి వెళ్లే వ్యాపారుల మీద భారం పడేలా ఒప్పందాలు రాసుకున్నారని...

బ్యాంకు సంఘం మాజీ నాయకుడు: అమ్మా, ఒక్క నిమిషం. 7 బిలియన్లంటే మన లెక్కలో 58 వేల కోట్లు! అందులో చిటికెడు తీసి నాయకుల చేతులు తడిపితే చాలు.

న్యాయవాది: తడిపారని దావాలో లేదు సర్. ఆరోపణలకు ఆధారం లేదని వీసా కూడా అంటోంది.

నాయకుడు: అనదా మరి? దొంగ ఎప్పుడైనా ఒప్పుకుంటాడా?

వ్యాఖ్యాత: అంటే లంచమే అంటారు!

న్యాయవాది: నేను అనలేదు. ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. 1995 చట్టం ప్రకారం లాబీయిస్టులు పేరు నమోదు చేసుకోవాలి. మూడు నెలలకోసారి ఎంత ఖర్చయింది, ఏ బిల్లు గురించి మాట్లాడారు, అన్నీ అక్కడి చట్టసభలు రెండింటికీ, సెనేట్‌కీ, హౌస్‌కీ, రాసివ్వాలి. మనకు అలాంటి చట్టమే లేదు.

నాయకుడు: చట్టం ఉంటే పాపం పుణ్యమైపోతుందా?

వ్యాఖ్యాత: మంచి ప్రశ్న! డాలస్ నుంచి ఇండియన్ స్టోర్ యజమాని లైన్‌లో ఉన్నారు. సర్, వినబడుతోందా?

వ్యాపారి: (శబ్దం లేదు) ...ఆ, వినబడుతోందండీ. ఇక్కడ ఉదయం పదిన్నర, ఇప్పుడే షాపు తీశాం. నా బాధ ఒక్కటే. వంద డాలర్ల బిల్లుకి కార్డు గీకితే రెండు, రెండున్నర డాలర్లు పోతాయి. బియ్యం బస్తా మీద నాకు మిగిలేది ఎంతండీ? ఆ పోటీ బిల్లేదో పాసైతే...

న్యాయవాది: క్రెడిట్ కార్డ్ కాంపిటీషన్ యాక్ట్. డర్బిన్, మార్షల్ అనే సెనేటర్లు, ఒకరు డెమోక్రాట్, ఒకరు రిపబ్లికన్, 2022లో తెచ్చారు, 2023లో మళ్లీ పెట్టారు. 100 బిలియన్ డాలర్లకు పైబడ్డ ఆస్తులున్న బ్యాంకులు ప్రతి క్రెడిట్ కార్డు మీద కనీసం రెండు నెట్‌వర్క్‌లు ఇవ్వాలి, ఆ రెండూ వీసా, మాస్టర్‌కార్డే కాకూడదు. ఇప్పటిదాకా ఓటింగ్‌కే రాలేదు. లాబీయింగ్ బలం చూడాలంటే ఇక్కడ చూడాలి. బిల్లును ఓడించక్కర్లేదు, కదలకుండా ఉంచితే చాలు.

(మొత్తం గంటలో పనికొచ్చే మాట ఇదే. దీని తర్వాత నాలుగు సెకన్లు కూడా ఎవరూ ఆగలేదు.)

నాయకుడు: నేను మొదటి నుంచి చెప్పేదీ అదే కదమ్మా!

న్యాయవాది: మీరు చెప్పింది వేరు...

వ్యాఖ్యాత: ఆ బిల్లు వస్తే కార్డు పాయింట్లు పోతాయట కదా? మా కజిన్ పాయింట్ల మీదే ప్రతి సంక్రాంతికీ హైదరాబాద్ వస్తాడు.

వ్యాపారి: ఆ పాయింట్లకి డబ్బు కట్టేది మేమేనండీ!

న్యాయవాది: పోతాయని బ్యాంకులు, విమానయాన సంస్థలు ప్రచారం చేస్తున్నాయి. జనాన్ని కదిలించే ప్రకటనల ఖర్చు లాబీయింగ్ లెక్కలో చూపించక్కర్లేదు. ఒక క్లయింటు పనిలో లాబీయింగ్ 20 శాతం సమయానికి లోపుంటే ఆ మనిషి లాబీయిస్టు కిందకే రాడు. ఇంకో సంగతి, ఆ రెండున్నర డాలర్లలో ఎక్కువ భాగం వీసాకి కాదు, కార్డిచ్చిన బ్యాంకుకి వెళ్తుంది. అందుకే ఒక్క వీసా లెక్కే చూస్తే...

వ్యాఖ్యాత: సూటిగా చెప్పండి మేడమ్. లంచమా, లాబీయింగా?

నాయకుడు: నేను చెప్తా! మన రూపే మీద వీళ్లు వాళ్ల ప్రభుత్వానికి ఫిర్యాదు చేయలేదా? 2018లో మాస్టర్‌కార్డు, 2021లో వీసా. రాయిటర్స్ రాసింది. మోదీ రూపేని దేశభక్తితో ముడిపెడుతున్నారట! మన కార్డు మనం వాడుకుంటే వాళ్లకి కడుపుమంట. యూపీఐకి ఎండీఆర్, అంటే వ్యాపారి కట్టే ఫీజు, సున్నా. 2020 జనవరి నుంచి సున్నా! నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశా...

న్యాయవాది: ఆ సున్నా ఖర్చు బ్యాంకులు, ప్రభుత్వం మోస్తున్నాయి కదా సర్.

నాయకుడు: మోయనివ్వండి! మన బరువు మనం మోస్తాం!

వ్యాఖ్యాత: (నవ్వుతూ) ఇది ప్రేక్షకుల మాట కూడా. విజయవాడ నుంచి కాలర్. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. మా అబ్బాయికి ఎఫ్-1 స్టూడెంట్ వీసా స్లాటు దొరకట్లేదు. మూడు నెలలైంది. ఈ కోర్టు కేసు వల్ల వీసాలు ఆగుతాయా?

వ్యాఖ్యాత: ఇది ఆ వీసా కాదండీ, కార్డు వీసా.

కాలర్: ఓహో. అయినా దళారులు ఎక్కడైనా దళారులే కదండీ.

నాయకుడు: శభాష్! చూశారా, సామాన్యుడికి అర్థమైంది!

న్యాయవాది: వాల్‌మార్ట్, టార్గెట్ లాంటి పెద్ద స్టోర్లు ఈ బిల్లు కోసం అవతలి వైపు నుంచి లాబీయింగ్ చేస్తున్నాయి. అదీ దళారీతనమేనా?

వ్యాపారి: నాకూ అదే సందేహం. ఫీజు తగ్గితే వాల్‌మార్ట్‌కి తగ్గినట్టు నాకు తగ్గుతుందా? 2010లో చట్టం చేసి డెబిట్ ఫీజు తగ్గించారు, అప్పుడు...

నాయకుడు: వాల్‌మార్ట్ అన్నారు కాబట్టి గుర్తుచేస్తున్నా. 2012లో పార్లమెంటు స్తంభించలేదా? ఇండియాలో అడుగుపెట్టడానికి లాబీయింగ్ చేశామని వాళ్లే అమెరికా సెనేట్‌కి రాసిచ్చారు. విచారణకి ముద్గల్ కమిటీ వేశారు. ఏమైంది?

న్యాయవాది: అక్కడ రాసివ్వాలి కాబట్టే ఇక్కడ మనకు తెలిసింది సర్! నేను చెబుతున్నదే అది...

(ముగ్గురూ ఒకేసారి. డాలస్ లైన్ తెగింది.)

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. చివరగా ఒక్క మాట. సర్?

నాయకుడు: లంచమే. రాసుకోండి!

వ్యాఖ్యాత: మేడమ్?

న్యాయవాది: ఒక్క మాటలో తేలదండీ. 2008లో కుప్పకూలే దాకా అమెరికా ఇళ్ల రుణాల సంస్థలు ఫానీ మే, ఫ్రెడీ మాక్...

వ్యాఖ్యాత: ఫానీ మే గురించి ఇంకోరోజు తప్పకుండా పిలుస్తాను మేడమ్. అంటే లంచమేనని మన ప్యానెల్ తేల్చింది...

న్యాయవాది: నేను ఎక్కడ...

(ప్రకటనలు.)