కుక్కకు పెరుగన్నం సరే, పిల్లికి?

(స్టూడియో చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: కుక్కను పెంచుతున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు, రెండు పిల్లులున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పశువైద్యురాలు.)

యాంకర్: మాస్టారూ, సూటిగా అడుగుతున్నా. కుక్కా, పిల్లా?

మాస్టారు: ఈ వయసులో నన్ను ‘పిల్లా’ అని అడక్కండి, మా ఆవిడ టీవీ ముందే కూర్చుంది. (నవ్వులు) మాది కుక్కే. ఊరకుక్క. వానలో మెట్ల కింద నక్కి ఉంటే తెచ్చుకున్నాం. నేను కూరగాయలకెళ్లి వచ్చినా అమెరికా నుంచి దిగినట్టు ఎగురుతుంది. పిల్లికి మనం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఉద్యోగిని: అలా అనకండి సార్. నేను మీటింగ్‌లో కూర్చోగానే మా పెద్దది వచ్చి ల్యాప్‌టాప్ మీద పడుకుంటుంది. ఎందుకంటారు?

డాక్టర్: వెచ్చగా ఉంటుందని.

ఉద్యోగిని: సగమైనా నా కోసమేలెండి! పైగా నేను రోజంతా ఆఫీసులో ఉన్నా ఇసుక డబ్బా శుభ్రంగా ఉంటే వాటికి చాలు. మాస్టారు పొద్దున్నే గొలుసు పట్టుకుని బయల్దేరాలి.

మాస్టారు: అందుకే నా షుగర్ కంట్రోల్లో ఉంది.

యాంకర్: మరి తిండి?

మాస్టారు: మేం శాకాహారులం. మాతోపాటే పెరుగన్నం.

ఉద్యోగిని: నా గొడవంతా అదేనండీ. మా ఓనరు గారు ‘పిల్లులుంటే ఉండనీ అమ్మా, చేప వాసన మాత్రం రాకూడదు, పెరుగన్నం పెట్టు’ అంటారు.

డాక్టర్: రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. కుక్క అన్నం, పప్పు, గుడ్డుతో నెట్టుకొస్తుంది. ఒట్టి పెరుగన్నం దానికీ చాలదనుకోండి. పిల్లి సంగతి వేరు. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో సరిపడా తయారవదు. మాంసం, చేపల్లోంచే రావాలి. అది అందకపోతే చూపు తగ్గుతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. మొదట్లో పైకి ఏమీ తెలియదు. తెలిసేసరికి కంటి లోపలి పొర దెబ్బతిని ఉంటుంది, పోయిన చూపు తిరిగి రాదు.

యాంకర్: పోనీ పాలు?

డాక్టర్: కళ్లు మూసుకుని తాగుతుంది, నిజమే. ఆ తర్వాత విరేచనాలు! పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పిల్లుల కోసమే చేసే ప్యాకెట్ ఆహారంలో టారిన్ కలుపుతారు, చేపలు వండే పని ఉండదు. అన్నట్టు, ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ ముక్క మాత్రం వేయకండి. పిల్లికి అది విషం.

మాస్టారు: మా అపార్ట్‌మెంట్‌లో కుక్కను లిఫ్టు ఎక్కనివ్వం అంటున్నారు. మాది నాలుగో అంతస్తు.

యాంకర్: అలా ఆపకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది కదా.

ఉద్యోగిని: ఇచ్చింది సరే. మీ కుక్క మంచిదని మీకు తెలుసు, లిఫ్టులో ఉన్న పాపకు తెలియదుగా?

మాస్టారు: (కాస్త ఆగి) అదీ నిజమే. పాప దిగేదాకా మేమే ఆగుతాం.

డాక్టర్: ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నారా? అమ్మా, మీరు?

ఉద్యోగిని: మావి గడప దాటవు కదండీ...

డాక్టర్: బాల్కనీ ఉందా?

ఉద్యోగిని: ఉంది.

డాక్టర్: అయితే వేయించండి. రేబిస్ పిల్లులకూ వస్తుంది.

యాంకర్: మాస్టారూ, ఏదో అనబోతున్నారు.

మాస్టారు: గుడ్డు ఉడకబెట్టాలంటే ఇంట్లోకి వేరే గిన్నె రావాలి. ఆ ముక్క మా ఆవిడకు మీరే చెప్పండి డాక్టర్ గారూ, ఎటూ వింటోంది.