బెజవాడలో మా ఇంట్లో సాయంత్రం టీ, ఒక పెద్ద వాదన

అందరికీ నమస్తే అండి. డల్లాస్ నుంచి వచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. ఇది సత్యనారాయణపురంలో మా ఇల్లు. బీసెంట్ రోడ్డు షాపింగ్ చూపిస్తానన్నాను కదా, అది రేపు. ఇవాళ టీ దగ్గర మొదలైన మాట రాత్రి భోజనాల దాకా సాగింది, అదే చూపిస్తాను.

తమ్ముడు, అంటే మా బాబాయి కొడుకు, ఫోన్‌లో ప్రొఫెసర్ నాగేశ్వర్ గారి రాజకీయ విశ్లేషణ పెట్టాడు. "ఇప్పుడు తెలుగులో జనం మీద ఎక్కువ ప్రభావం ఈయనదే" అన్నాడు. నాన్న వెంటనే ఒప్పుకోలేదు. ఆయనకి ఎప్పటికీ నార్ల వెంకటేశ్వరరావు గారే. 1960లో ఇదే ఊళ్లో ఆంధ్రజ్యోతి మొదలైనప్పుడు ఆయనే సంపాదకుడు. మా తాతయ్య రోజూ నాన్న చేత సంపాదకీయం పైకి చదివించేవారట. పదేళ్ల పిల్లాడికి కూడా అర్థమయ్యేంత తేలికైన తెలుగు అంటారు నాన్న.

"పెదనాన్నా, ఇప్పుడు ఒక్కో వీడియోని లక్షల మంది చూస్తున్నారు" అన్నాడు తమ్ముడు.

"చూస్తే ఏమైందిరా? 2019లో వైసీపీకి 151 సీట్లు ఇచ్చిన జనమే 2024లో అదే పార్టీకి 11 ఇచ్చారు. అది ఏ విశ్లేషకుడు చెబితే చేశారు?"

తమ్ముడి జవాబు నాకు బాగా నచ్చింది. "ఓటు ఎవరికి వేయాలో వాళ్లు చెప్పలేకపోవచ్చు. కానీ పొద్దున్నే టీ కొట్టు దగ్గర దేని గురించి మాట్లాడుకోవాలో వాళ్లే తేలుస్తున్నారు." నిజమే కదండీ. డల్లాస్‌లో మా ఫ్రెండ్స్ కలిసినా, ముందురోజు కారులో విన్న విశ్లేషణే అందరి నోటా వస్తుంది.

అప్పటిదాకా మా బాబాయి ఒక్క మాట మాట్లాడలేదు. టీ గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నారు. "అన్నయ్యా, నేను అమరావతిలో తుళ్లూరు దగ్గర ప్లాటు అమ్మింది ఒకాయన మాట విని."

2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది గుర్తుందా? ఆ రోజుల్లో ఒక విశ్లేషకుడు రోజూ అమరావతి పని అయిపోయిందని చెప్పేవాడట. బాబాయి రాత్రిళ్లు నిద్రపోకుండా అవే వినేవారు. పిన్ని వద్దన్నా వినకుండా వచ్చిన రేటుకి అమ్మేశారు. తమ్ముడికి కూడా ఈ సంగతి ఇవాళే తెలిసింది.

ప్రభావం అంటే ఇది కదండీ. వ్యూస్ లెక్కలో, పేరు లెక్కలో ఆయన ఎక్కడున్నా, మా ఇంటి వరకు అందరికంటే పెద్దవాడు ఆయనే. నాకు కోపం ఆయన అంచనా తప్పినందుకు కాదు, అంచనాలు ఎవరివైనా తప్పుతాయి. 2024లో ప్రభుత్వం మారి అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక కూడా ఒక్కరోజైనా వచ్చి "ఆ రోజు నేను పొరబడ్డాను" అని చెప్పలేదట. బాబాయి ఆ మాట కోసం ఇప్పటికీ ఆయన వీడియోలు చూస్తున్నారు.

కెమెరా ఆపేయనా బాబాయ్ అని అడిగాను.

"ఆయన పేరు మాత్రం చెప్పకమ్మా. ఈ ముక్క తీసేయకు, ఉంచు" అన్నారు.