ఆ బటన్ మీ చేతే నొక్కిస్తారు

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ఈరోజు డిసెంబర్ 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986లో మొదటి వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజు. చరిత్ర ఇంతటితో చాలు. నాకిచ్చిన అంశం చాలా పెద్దది గానీ, నేను మాట్లాడేది ఒకే ఒక్క బటన్ గురించి. ఆర్డర్ పేజీలో ఉండే 'క్యాన్సిల్' బటన్.

శుక్రవారం వస్తుందన్న వాషింగ్ మెషిన్ రాదు. సోమవారం అంటారు. సోమవారం సాయంత్రం 'డెలివరీకి వచ్చాం, మీరు అందుబాటులో లేరు' అని మెసేజ్. మీరేమో పొద్దుట్నుంచీ గుమ్మం వైపే చూస్తున్నారు! కస్టమర్ కేర్‌కి చేస్తే ఇంకో రెండు రోజులు ఓపిక పట్టమంటారు. మూడోసారి చేస్తే గొంతు మరీ తియ్యగా ఉంటుంది: 'మీరే క్యాన్సిల్ చేసేసుకోండి మేడమ్, డబ్బులు వెనక్కి వచ్చేస్తాయి.'

కిటుకంతా ఇక్కడే ఉంది. బటన్ నొక్కగానే కారణం అడుగుతుంది. విసుగులో 'మనసు మార్చుకున్నాను' అనేదాని మీద వేలు పెట్టేస్తాం. ఆలస్యం వాళ్లది, రికార్డులో వెనక్కి తగ్గింది మనం! సేల్లో దొరికిన ధర పోయింది. అదే మెషిన్ ఎక్కువ పెట్టి కొన్నాక, ఆ తేడాను పరిహారంగా అడుగుదామంటే చేతిలో ఆధారం లేదు.

2020 జులైలో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనలు ఏమంటున్నాయి? చెప్పిన గడువు దాటి సరుకొస్తే, వెనక్కి తీసుకోననో డబ్బివ్వననో అనడానికి అమ్మకందారుకు వీల్లేదు. వరదల్లాంటి, ఎవరి చేతుల్లోనూ లేని కారణమైతే తప్ప. గోడౌన్‌లో రద్దీ వరద కాదండీ! ఇంకోటి: మన క్యాన్సిలేషన్‌కి చార్జీ వేయాలంటే, తమంతట తాము క్యాన్సిల్ చేసినప్పుడు వాళ్లూ అలాంటి చార్జీ భరించాలి. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. సరే, సరే, అర్థమైంది.

ఫోన్లు బయటికి తీయండి. రావలసిన ఆర్డర్ ఏదైనా ఉంటే ఆ పేజీ తెరవండి. తేదీ కనిపిస్తోందా? రేపు అది మారిందంటే పాత తేదీ అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఇప్పుడే స్క్రీన్‌షాట్. ఆర్డర్ నంబరు, తేదీ, కట్టిన సొమ్ము మూడూ పడాలి. అమ్మకందారు పేరు కూడా. యాప్ ఒకరిది, సరుకు ఇంకొకరిది కావచ్చు. ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చండి. అమ్మకందారు చిరునామా దొరక్కపోతే రాతపూర్వకంగా అడగండి. ఇవ్వాల్సిన బాధ్యత ప్లాట్‌ఫామ్‌దే.

ఇక ఫోన్లలో వాదించడం మానేసి రాయడం మొదలుపెట్టండి. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు సైట్‌లోనే ఉండాలి. ఏం కొన్నారు, ఎప్పుడిస్తామన్నారు, ఎన్నిసార్లు మార్చారు, ఫలానా తేదీలోగా సరుకు పంపండి లేదా కట్టిన ఖాతాకే డబ్బు వేయండి. అంతే మెయిల్. 'ఖాతాకే' అన్న మాట మర్చిపోవద్దు, లేదంటే యాప్ వాలెట్‌లో వేసి చేతులు దులుపుకుంటారు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఈలోగా క్యాన్సిల్ చేయక తప్పకపోతే 'డెలివరీ ఆలస్యం' అన్న కారణమే ఎంచుకోండి. ఆ ఆప్షన్ లేదా? ముందు మెయిల్, తర్వాత బటన్.

కదలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్లు తీర్పివ్వరు, ఫిర్యాదును కంపెనీ ముందు పెడతారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే వేయొచ్చు. వస్తువుకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. క్యాష్ ఆన్ డెలివరీ వాళ్లూ వేయొచ్చు. ఇస్తానని ఒప్పుకున్న సొమ్మూ చట్టానికి లెక్కే.

అన్నట్టు, అసలు సైటే దొంగదైతే ఇవేవీ పనికిరావు. వెంటనే 1930, సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ముగిస్తున్నాను. పెట్టె మీ చేతికి రాకముందు ఓటీపీ చెప్పకండమ్మా. చెప్పారంటే యాప్‌లో 'డెలివర్డ్' అని పడిపోతుంది, రాలేదని నిరూపించే బరువు మీ నెత్తిన పడుతుంది.