మెక్‌గిలివ్రే వంశవృక్షం: తండ్రి ఇంటిపేరు, తల్లి వంశం

చర్చలో పాల్గొన్నవారు: యాంకర్, అమెరికా చరిత్ర అధ్యాపకురాలు, వంశవృక్షాల పరిశోధకుడు

యాంకర్: నమస్కారం. స్కాట్లండ్ నుంచి వలస వెళ్లి అమెరికా సరిహద్దు ప్రాంతాల్లో బతుకు వెతుక్కున్న కుటుంబాల్లో మెక్‌గిలివ్రేలది ఒకటి. సార్, ఈ వంశవృక్షం ఎక్కడ మొదలుపెట్టాలి?

పరిశోధకుడు: ఇన్వర్నెస్ దగ్గర డన్‌మాగ్లాస్ నుంచండీ. 1735లో జార్జియా కాలనీ కోసం హైలాండ్, అంటే స్కాట్లండ్ కొండప్రాంతపు, కుటుంబాలను ఓడ ఎక్కించారు. ఫ్లోరిడాలో స్పెయిన్ వాళ్లున్నారు, వాళ్లకు ఎదురు నిలబడే మనుషులు కావాలి. వీళ్లు 1736లో ఆల్టమాహా నది దగ్గర డేరియన్ ఊరు కట్టుకున్నారు. ఇరవై ఏళ్లు కూడా నిండని లాక్లన్ మెక్‌గిలివ్రే అలా వచ్చినవాడే.

అధ్యాపకురాలు: తర్వాత అతను జింక తోళ్ల వ్యాపారంలోకి దిగాడు. ఇప్పటి అలబామాలో అమెరికా ఆదివాసులైన క్రీక్ ప్రజల ఊళ్లకు వెళ్లి, గాలి వంశానికి చెందిన సెహోయ్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1750లో కొడుకు అలెగ్జాండర్ పుట్టాడు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. తండ్రి ఇంటిపేరు పట్టుకుని కిందికి దిగుతూ పోతారు.

పరిశోధకుడు: ఇంటిపేరు వదిలేస్తే పట్టుకోవడానికి ఏం ఉంటుంది మేడమ్? భూమి పట్టాలు, వీలునామాలు, చర్చి రిజిస్టర్లు అన్నీ దాని మీదే నడుస్తాయి కదా.

అధ్యాపకురాలు: అవి ఇంగ్లిష్ వాళ్లు రాసుకున్న కాగితాలండీ. క్రీక్ సమాజంలో బిడ్డది తల్లి వంశం. పిల్లల పెంపకంలో తండ్రి కంటే మేనమామ మాటే ఎక్కువ చెల్లుతుంది. అలెగ్జాండర్ చార్లెస్టన్‌లో చదువుకున్నాడు, స్కాట్ వ్యాపారులతో కలిసి పనిచేశాడు. అయినా క్రీక్ జనం అతన్ని తమవాడిగా చూసింది సెహోయ్ కొడుకని. 1790లో జార్జ్ వాషింగ్టన్ ప్రభుత్వంతో న్యూయార్క్ ఒప్పందం చేసుకున్న క్రీక్ నాయకుడు అతనే.

యాంకర్: సెహోయ్ తండ్రి ఫ్రెంచి సైన్యాధికారి అని చాలా వంశవృక్షాల్లో కనిపిస్తోంది. నిజమేనా?

పరిశోధకుడు: మార్చాండ్ అనే కెప్టెన్, ఫోర్ట్ టూలూజ్ అనే ఫ్రెంచి కోటలో ఉండేవాడు. తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన మాట అది. ఆ కాలపు కాగితాల్లో గట్టి రుజువు లేదు, ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. అలాంటి పేరును చుక్కల గీతతో కలిపి, పక్కన కారణం రాయాలి. ఒకరు రాసింది ఇంకొకరు ఎక్కించుకుంటూ పోతే పదో మనిషి దగ్గరకొచ్చేసరికి అనుమానం కాస్తా నిజమైపోతుంది. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అధ్యాపకురాలు: ఈ విషయంలో మీతో ఏకీభవిస్తాను.

యాంకర్: అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఈ ఇంటిని ఏం చేసింది?

పరిశోధకుడు: రెండు ముక్కలు చేసింది. లాక్లన్ రాజు పక్షం. జార్జియా అతని ఆస్తులను జప్తు చేసింది. చివరికి స్కాట్లండ్‌కు తిరిగి వెళ్లిపోయాడు. కొడుకు తల్లివాళ్ల దగ్గరే ఉండి, 1793లో అప్పట్లో స్పెయిన్ చేతిలో ఉన్న పెన్సకోలాలో చనిపోయాడు. తండ్రి అతని కంటే ఆరేళ్లు ఎక్కువ బతికాడు. అందుకే ఒకే కుటుంబం కోసం స్కాట్లండ్, జార్జియా, స్పెయిన్ మూడుచోట్లా వెతకాలి. అలెగ్జాండర్ స్పెయిన్ అధికారులకు రాసిన ఉత్తరాలు చాలానే మిగిలాయి.

అధ్యాపకురాలు: ఆడపిల్లల వైపు చూడండి. అలెగ్జాండర్‌తో ఒకే తల్లికి పుట్టిన సోదరి పేరూ సెహోయే. ఆమె కొడుకు విలియం వెదర్‌ఫోర్డ్, 1813-14 క్రీక్ యుద్ధంలో అమెరికాతో పోరాడిన క్రీక్ వర్గం రెడ్ స్టిక్స్ నాయకుల్లో ఒకడు. తల్లి వైపు నుంచి చూస్తే అలెగ్జాండర్ అతనికి మేనమామ. మెక్‌గిలివ్రే అనే ఇంటిపేరు వెతికేవాళ్లకు వెదర్‌ఫోర్డ్ ఎప్పటికీ కనిపించడు.

యాంకర్: ఇంకా ఎవరు కనిపించకుండా పోతున్నారు?

అధ్యాపకురాలు: బానిసలు. 1739లో డేరియన్ హైలాండర్లు 18 మంది జార్జియాలోకి బానిసత్వం రానివ్వొద్దని అర్జీ మీద సంతకాలు పెట్టారు. అదే ఊరికి వచ్చిన లాక్లన్ తర్వాత బానిసలతో తోటలు నడిపాడు, అలెగ్జాండరూ బానిసల యజమానే. 1830లలో క్రీక్ ప్రజలను ఇప్పటి ఓక్లహోమాకు తరిమినప్పుడు వాళ్ల బానిసలూ వెళ్లారు. అమెరికాతో కుదిరిన 1866 ఒప్పందం ఆ నల్లజాతి వాళ్లకు క్రీక్ నేషన్ పౌరసత్వం ఇచ్చింది, క్రీక్‌ల 1979 రాజ్యాంగం తీసేసింది.

యాంకర్: ఇప్పుడు పరిస్థితి ఏంటి మేడమ్?

అధ్యాపకురాలు: 2025 జులైలో మస్కోగీ నేషన్, అంటే క్రీక్ ప్రజల సొంత ప్రభుత్వం, సుప్రీం కోర్టు ఆ నల్లజాతి వాళ్ల వారసులకు పౌరసత్వ హక్కు ఉందని తీర్పిచ్చింది. ఆ కేసు నిలబడింది 1866 ఒప్పందం మీద. పూర్వీకులను వెతకడానికి మాత్రం అమెరికా ప్రభుత్వం తయారుచేసిన జాబితా ఉంది, డాస్ రోల్స్ అంటారు. అందులో రక్తసంబంధం ఉన్న క్రీక్‌లను ఒకచోట, విముక్తులైన నల్లజాతి వాళ్లను వేరేచోట రాశారు. ఈ ప్రాంతపు కుటుంబాలను వెతికేవాళ్లు ఆ రెండో జాబితా కూడా తప్పకుండా తెరవాలి.