వరి మడిలో మీథేన్, ఐరోపాలో దాని ధర

తమ్ముడు: అందరికీ నమస్కారం. మిర్యాలగూడ నుంచి మాట్లాడుతున్నాం. ఈసారి మాట వరి గురించే, కానీ మద్దతు ధర, తరుగు, మిల్లుల గొడవ కాదు. వరి పొలం నుంచి పైకిపోయే గ్యాస్ తగ్గిస్తే డబ్బులిస్తామని కంపెనీలు రైతులతో ఒప్పందాలు చేసుకుంటున్నాయి. కార్బన్ క్రెడిట్ అంటున్నారు. అక్కా, అసలు ఆ గ్యాస్ సంగతి ముందు చెప్పు.

అక్క: నాటు వేసిన నెలకు మడిలో కాలు పెడితే బురదలోంచి బుడబుడమని బుడగలు వస్తాయి చూడు. వాటిలో మీథేన్ ఉంటుంది. నీళ్లు నిలిచి ఉంటే మట్టిలోకి గాలి పోదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు పాత వరి కొయ్యకాళ్లను, పేడను తిని మీథేన్ వదులుతాయి. బుడగలుగా వచ్చేది కొంతే. ఎక్కువ భాగం వరి దుబ్బు కాడల గుండానే బయటికి పోతుంది. బరువుకు బరువు చూస్తే, 100 ఏళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే 28 రెట్లు, 20 ఏళ్ల లెక్కలో దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది.

తమ్ముడు: అంటే భూమి వేడెక్కడానికి మన నల్లగొండ రైతు కూడా కారణమనా?

అక్క: ఆ మాట దగ్గరే ప్రపంచ రాజకీయమంతా ఉంది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో అమెరికా, ఐరోపా కలిసి మీథేన్ ప్రతిజ్ఞ తెచ్చాయి. 2020తో పోలిస్తే 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గించాలని. ఇప్పుడు 150కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. భారత్ సంతకం పెట్టలేదు. మన మీథేన్‌లో ఎక్కువ భాగం పశువులది, వరిది. చిన్న రైతు తిండికి సంబంధించింది. నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది.

తమ్ముడు: కొంతమంది అది తప్పించుకోవడం అంటారు.

అక్క: అంటారు. కానీ వరి రైతు కూడా కారణమనే వాదనకు 1991లోనే పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ గట్టిగా జవాబు చెప్పారు. బతకడానికి వెలువడే వాయువు వేరు, విలాసానికి వెలువడేది వేరు, రెండింటినీ ఒకే తక్కెడలో వేయొద్దన్నారు. ఈనాటికీ సగటు అమెరికన్ ఏడాదికి 14 టన్నుల దాకా బొగ్గుపులుసు వాయువు వదిలితే, సగటు భారతీయుడిది 2 టన్నులు. మరి ముందుగా తగ్గించాల్సింది ఎవరు?

తమ్ముడు: సరే, ఒప్పందం దగ్గరికి వద్దాం. రైతును వాళ్లు ఏం చేయమంటారు?

అక్క: నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచకుండా, మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ పెట్టమంటారు. మనం ఆరుతడి అంటాం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని ఊరూరా తీసుకెళ్లింది. దానికి కావాల్సింది ఒక ప్లాస్టిక్ పైపు ముక్క, అడుగు పొడవుది. కింది సగానికి చిల్లులు పెట్టి మడిలో పాతాలి. లోపలి మట్టి తీసేస్తే భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో కనిపిస్తుంది. పైన తడారినా, నీళ్లు 15 సెంటీమీటర్ల లోతుకు దిగేదాకా ఆగొచ్చు. వేర్లకు తేమ అందుతూనే ఉంటుంది. పూత దశలో మాత్రం నీళ్లు నిలిపి ఉంచాలి, అక్కడ ఎండబెడితే తాలు గింజలొస్తాయి. సరిగ్గా చేస్తే దిగుబడి తగ్గదు, నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి.

తమ్ముడు: మా నాన్న ఈ పైపు చూస్తే ఒప్పుకోడు. పొలం పగుళ్లిస్తే ఆయనకు నిద్రపట్టదు. పైగా నీళ్లు తీస్తే గడ్డి లేస్తుంది.

అక్క: గడ్డి లేస్తుంది, నిజమే. కలుపు కూలీ ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఒప్పందంలో దాని ఊసే ఉండకపోతే ఎట్లా? ఇంకొకటి కూడా ఉంది. ఆరబెట్టి, మళ్లీ తడిపి, యూరియా చల్లితే నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది, అదీ వేడిని పట్టి ఉంచే వాయువే. మీథేన్ తగ్గినంతలో కొంత అక్కడ పోతుంది.

తమ్ముడు: ఇక డబ్బు లెక్క చెప్పు. ఎకరానికి ఎంత?

అక్క: ఇది చాలామంది రైతులకు ఎవరూ చెప్పని లెక్క, కాబట్టి నెమ్మదిగా చూద్దాం. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు సమానం. నీళ్లు నిలిపే పొలంలో దక్షిణాసియా సగటు హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ అని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2019లో ఇచ్చింది. 110 రోజులు వేసుకో. ఎకరానికి 38 కిలోలు. 28తో గుణిస్తే టన్ను పైచిలుకు. పంటలో చాలాసార్లు ఆరబెడితే అందులో 45 శాతం తగ్గుతుందని అదే ఐపీసీసీ లెక్క. అంటే ఎకరానికి, ఒక పంటకు, సుమారు అర టన్ను. నేలను బట్టి, పశువుల ఎరువును బట్టి పెరగొచ్చు, తగ్గొచ్చు.

తమ్ముడు: అర క్రెడిట్టేనా!

అక్క: అర క్రెడిట్టే. టన్నుకు 10 డాలర్లు వచ్చాయనుకుందాం. అర టన్నుకు 5 డాలర్లు, నాలుగైదు వందల రూపాయలు. అందులోంచి కొలిచేవాళ్లకు, ధ్రువీకరించేవాళ్లకు, నమోదుకు, మధ్యలో కంపెనీకి పోవాలి. మిగిలింది రైతుకు. అదే టన్ను, అక్కడి కంపెనీలు వాయువు వదలడానికి అనుమతులు కొనుక్కునే ఐరోపా సమాఖ్య సొంత కార్బన్ మార్కెట్‌లో 2023 ఫిబ్రవరిలో 100 యూరోలు దాటింది. తర్వాత దిగినా, 2024, 2025లో ఎక్కువ రోజులు 60 నుంచి 80 యూరోల మధ్యే ఉంది. భూమ్మీది గాలి ఒక్కటే. దామరచర్లలో తగ్గిన టన్నుకు ఒక ధర, జర్మనీలో తగ్గిన టన్నుకు మరో ధర. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

తమ్ముడు: వాళ్లు మన క్రెడిట్ కొని అక్కడ వాడుకోవచ్చా?

అక్క: ఐరోపా మార్కెట్‌లో 2021 నుంచి బయటి క్రెడిట్లు చెల్లవు. కానీ 2040 నాటికి వాయువులు తగ్గించాలని ఐరోపా పెట్టుకున్న లక్ష్యంలో, 1990 స్థాయిలో 5 శాతానికి సమానమైనంత దాకా, 2036 నుంచి, బయటి దేశాల క్రెడిట్లతో పూరించుకోవచ్చని 2025 చివర్లో ఒప్పుకున్నారు. అంటే కొనేవాళ్లు వస్తున్నారు. అప్పుడు ఇంకో చిక్కు. నీ పొలంలో తగ్గిన అర టన్నును బయటి దేశం కొనుక్కుంటే, అది ఆ దేశం ఖాతాలోకి పోవాలి, మన దేశం ఖాతాలోంచి తీసేయాలి. రెండు చోట్లా రాసుకోకూడదు. పారిస్ ఒప్పందం ఆరో అధికరణం అదే చెబుతుంది. దాని నిబంధనలు కొలిక్కి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది, 2024 నవంబర్‌లో బాకూ వాతావరణ సదస్సులో ముగిసింది. మనం 2070 నాటికి నెట్ జీరో, అంటే వదిలే వాయువూ పీల్చి తీసేసే వాయువూ సమానం చేస్తామని చెప్పుకున్నాం. సులువుగా, చవగ్గా తగ్గేవన్నీ ఇప్పుడే అమ్మేస్తే, రేపు మన లెక్కకు మిగిలేది కష్టమైనవీ ఖరీదైనవే.

తమ్ముడు: బాకూలోనే కదా డబ్బు పంచాయితీ కూడా జరిగింది?

అక్క: వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలు ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, ధనిక దేశాలు ముందుండి 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నారు. గబుక్కున సుత్తి కొట్టి ఒప్పందం అయిపోయిందన్నారు. మన ప్రతినిధి చాందినీ రైనా ఆ సభలోనే లేచి దీన్ని మేం ఒప్పుకోం అన్నారు. అంతకుముందు 2009లో కోపెన్‌హాగన్‌లో మాట ఇచ్చిన 10 వేల కోట్లు 2020కి రావాలి, 2022లో గానీ రాలేదు. అందులోనూ పెద్ద భాగం అప్పులే. అమెరికా అయితే 2025 జనవరిలో పారిస్ ఒప్పందం నుంచి రెండోసారి బయటికి పోతున్నానంది. బాకీ కట్టాల్సినవాళ్లు బాకీ ఊసెత్తకుండా మన సరుకు చవగ్గా కొంటామంటే, దాన్ని సాయం అనకూడదు.

తమ్ముడు: వాళ్లను పక్కన పెడితే, ఈ క్రెడిట్లయినా నమ్మదగ్గవేనా?

అక్క: క్రెడిట్లు నమోదు చేసే వెర్రా అనే సంస్థ 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. లెక్క కట్టే పద్ధతి నిబంధనలను సరిగ్గా పాటించలేదని చెప్పింది. ప్రతి మడినీ రోజూ ఎవరు చూస్తారు? రైతు ఫోన్‌లో ఫొటో తీసి పంపితే చాలనుకుంటే చివరికి ఇట్లాగే అవుతుంది.

తమ్ముడు: మన దగ్గర ఇంకో కష్టం ఉందక్కా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు వంతులవారీగా వదులుతారు. ఆఖరి ఆయకట్టు రైతు, వచ్చిన వారమే మడి నిండా పట్టుకుంటాడు. మళ్లీ వస్తాయో రావో అని టెన్షన్. ఆయన్ని ఆరబెట్టమంటే ఏమనుకుంటాడు?

అక్క: ఆయనకు పైపు కంటే ముందు కాలువ నీళ్ల మీద నమ్మకం కావాలి. అది ప్రభుత్వం పని. బోరు కింద రైతుకు మాత్రం నీళ్లు తన చేతిలోనే ఉన్నాయి. అక్కడ అడ్డు ఆటోస్టార్టర్. 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, కరెంటు వస్తే చాలు మోటారు దానంతటదే నడుస్తుంది. నీళ్లు పొదుపు చేస్తే రైతు జేబుకు ఒక్క రూపాయి మిగలదు. కానీ మునుగోడు, మర్రిగూడ వైపు లోతు బోర్ల నీళ్లల్లో ఫ్లోరైడ్ ఏం చేసిందో మన జిల్లాకు వేరే చెప్పాలా? భూగర్భజలం ప్రతి అడుగూ మనకు విలువే. ఆరుతడి చేసిన రైతుకు మన ప్రభుత్వమే, నీళ్ల కోసం, కరెంటు కోసం ఎకరానికి ఇంత అని ఇవ్వాలి. సబ్‌స్టేషన్‌లో మిగిలిన యూనిట్లకు డబ్బు మిగిలినట్టే కదా.

తమ్ముడు: కౌలు రైతు సంగతి?

అక్క: బురదలో దిగేది కౌలు రైతు. పట్టాదారు పాస్‌బుక్ ఇంకొకరిది. సంతకం పట్టాదారుతో చేయించుకుంటే క్రెడిట్ డబ్బు ఎవరికి పోతుంది? ఒప్పందంలో అది రాసి ఉండాలి. ఎన్నేళ్లకు కట్టుబడుతున్నాం, క్రెడిట్ ఎంతకు అమ్మారో రైతుకు చూపిస్తారా, అందులో వాటా ఎంత శాతం, మధ్యలో మానేస్తే జరిమానా ఉందా, అంతా తెలుగులో ఉండాలి. ఒక కాపీ రైతు చేతిలో ఉండాలి.

తమ్ముడు: మన యాసంగి నాట్లు వచ్చే నెలలోనే. నువ్వైతే ఏం చేస్తావు?

అక్క: బోరు కింద ఉన్న రెండెకరాల్లో పైపులు పాతుతా, ఆటోస్టార్టర్ తీసేస్తా. ఒప్పంద పత్రం తెలుగులో వచ్చి, అమ్మిన ధర అందులో కనిపించేదాకా సంతకం పెట్టను.